రివర్స్‌లో మాత్రం బాగానే ఉండేది

పచ్చ లైటు పడుతుంది. బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటర్ నొక్కుతాను. ఏమీ జరగదు. మాట తట్టక నోరు తెరిచి నిలబడ్డ మనిషిలా బండి ఒక క్షణం అలాగే ఉండిపోతుంది. వెనక హారన్లు మొదలవుతాయి. అప్పుడు ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క దూకు దూకుతుంది. సీటుకి తల కొట్టుకుంటుంది. ఏడు నెలలు ఇదే వరస.

హైవే ఎక్కితే ఇంకో వేషం. గంటకి 80 కిలోమీటర్ల దగ్గర కాలు కదపకుండా పోతున్నా, ఎవరో వెనక నుంచి మెల్లగా తోసి వదిలేస్తున్నట్టు ఉండేది. తోయడం, వదలడం, మళ్ళీ తోయడం. మీటర్లో ముల్లు నూరు, నూటయాభై ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగేది. ఇక ఆగి ఉన్నప్పుడు ఐడ్లింగ్ 600కీ 900కీ మధ్య ఊయలూగేది. పక్కన కూర్చున్నవాళ్ళకి ఇవేవీ తెలిసేవి కావు. నడిపేవాడికి మాత్రం పంటి కింద రాయిలా ఉండేవి.

కారు ఏ కంపెనీదో చెప్పను. ఇరవయ్యేళ్ళు దాటిన లగ్జరీ సెడాన్, మూడు లీటర్ల పెట్రోల్ ఇంజన్, వరసగా ఆరు సిలిండర్లు, ఆటోమేటిక్ గేరుబాక్సు. కొత్తలో దీన్ని కొన్నవాళ్ళు వెనక సీట్లో కూర్చునేవాళ్ళు. నేను ముందు సీట్లో కూర్చుంటాను, అప్పుడప్పుడు దాని కింద పడుకుంటాను.

ఆ ఏడు నెలల్లో మార్పించినవి: ఎయిర్ ఫ్లో సెన్సర్, ప్లగ్గులకి కరెంటు పంపే ఆరు కాయిళ్ళు, ఆరు ప్లగ్గులు, రెండు ఆక్సిజన్ సెన్సర్లు, ఫ్యూయల్ ఫిల్టర్. మార్చిన ప్రతిసారీ రెండు మూడు రోజులు బాగున్నట్టే అనిపించేది. బ్యాటరీ వైరు తీసి పెట్టినా, స్కానర్‌తో చెరిపేసినా కంప్యూటర్ తను నేర్చుకున్న లెక్కలన్నీ మరిచిపోయి మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఆ నాలుగు రోజులు బండి తీరు ఎంతో కొంత మారుతుంది. మారడాన్ని బాగుపడడం అనుకోవడం మన ఆశ చేసే పని.

పాత లగ్జరీ కారు రోగాన్ని దాచిపెట్టేలా కట్టిన యంత్రం. మనకి తెలిసేసరికి ఆ రోగం చాలా కాలంగా ఉండి ఉంటుంది, పక్కన ఇంకో రెండు చేరి ఉంటాయి. అలాంటి బండి ముందు నిలబడి "ఏ పార్టు పోయింది?" అని అడగడం దండగ అని నా వాదన. "ఎప్పుడు చేస్తుంది, ఎప్పుడు చేయదు?" అని అడగాలి. ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఎవరైనా పార్టు పేరు చెబితే, ఆయన ఎంత పేరున్న మెకానిక్ అయినా, ఊహ చెబుతున్నాడనే లెక్క.

దాచిపెట్టడం అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి.

నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, 180 డిగ్రీలు తిరిగేసరికి ఒక పేలుడు. ఆరు సిలిండర్లయితే 120 డిగ్రీలకి, ఎనిమిదయితే 90కి, పన్నెండయితే 60కే. చిన్న కారులో ఒక సిలిండర్ తడబడితే నాలుగో వంతు బలం పోయినట్టే. స్టీరింగు, సీటు, అద్దం అన్నీ వణికి చెబుతాయి. సిలిండర్లు పెరిగేకొద్దీ ఒక్కదాని లోటు మిగతావాటి మధ్య కలిసిపోతుంది. 1987లో వచ్చిన బీఎండబ్ల్యూ 750లో 5 లీటర్ల వీ12 ఇంజన్‌కి రెండు కంప్యూటర్లు, రెండు థ్రాటిళ్ళు (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకుని గాలిని లోపలికి వదిలే తలుపులు) ఉండేవి, ఆరేసి సిలిండర్లకి ఒక్కొక్కటి. ఒక పక్క మొత్తం పడకేసినా రెండో పక్క బండిని ఇంటికి చేర్చగలదు. యజమాని "పికప్ కాస్త తగ్గిందేమిటి" అనుకుంటాడు, అంతే.

దాని మీద ద్రవం నింపిన ఇంజన్ మౌంటింగులు వణుకుని మింగేస్తాయి. ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేరుబాక్సుకి అందించే టార్క్ కన్వర్టర్ జర్కుల్ని ఆ నూనెలోనే కలిపేస్తుంది. శబ్దాన్ని ఆపే పొరలు మిగతా సాక్ష్యాన్ని మాయం చేస్తాయి. ఇవన్నీ డబ్బు పెట్టి కొన్న సుఖాలే. ఇరవయ్యేళ్ళ తరవాత అవే మన చెవులకి అడ్డం పడతాయి.

అన్నిటికన్నా పెద్ద దాపరికం మాత్రం కంప్యూటర్‌దే. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. లోపలికి వెళ్ళే గాలిని ఎయిర్ ఫ్లో సెన్సర్ తూస్తుంది, కంప్యూటర్ తగినంత పెట్రోలు చిమ్మిస్తుంది, కాలి బయటికి వచ్చిన పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది. మామూలు రకం ఆక్సిజన్ సెన్సర్ 0.1 వోల్టుకీ 0.9 వోల్టుకీ మధ్య ఊగుతుంది. కిందికి పోతే ఆక్సిజన్ ఎక్కువ మిగిలినట్టు, పైకి పోతే తక్కువ. ఆ మాట విని కంప్యూటర్ పెట్రోలుని కాస్త పెంచుతుంది, కాస్త తగ్గిస్తుంది. ఈ సవరింపునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు చేసేది షార్ట్ టర్మ్. అదే పనిగా ఒకే వైపు సవరించాల్సి వస్తుంటే దాన్ని అలవాటుగా రాసి పెట్టుకునేది లాంగ్ టర్మ్. రెండూ కలిపి ప్లస్ 10, మైనస్ 10 శాతం లోపల ఉంటే ఎవరూ పట్టించుకోనక్కర్లేదు.

ఒక రబ్బరు పైపు ఎండిపోయి గాలి లాగడం మొదలుపెట్టిందనుకోండి. కంప్యూటర్ 5 శాతం పెట్రోలు ఎక్కువ పోస్తుంది. బండికి ఏమీ కాదు. ఆరు నెలలకి 10 శాతం, ఏడాదికి 15. ఇప్పటికీ ఏమీ కాదు. 25 శాతం దగ్గరికి వచ్చేసరికి చాలా బళ్ళలో కంప్యూటర్ చేతులెత్తేసి చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది. మనం "నిన్నటిదాకా బాగానే ఉందే!" అంటాం. నిన్నటిదాకా బాగున్నది బండి కాదు, దాని సర్దుబాటు.

అందుకే చెక్ లైటు వెలగని బండికి కూడా ట్రిమ్ అంకెలు చూడాలి. ఓబీడీ-2, అంటే కంప్యూటర్ మాటలు బయటికి చదివే ఉమ్మడి సాకెట్, ఉన్న ఏ పెట్రోల్ కారులోనైనా అరచేతిలో పట్టే స్కానర్‌తో ఇవి కనిపిస్తాయి. అమెరికాలో ఇది 1996 నుంచి తప్పనిసరి, యూరప్ పెట్రోల్ కార్లలో 2001 నుంచి. అంతకన్నా పాత బళ్ళది వేరే లోకం. ఒక్కో కంపెనీకి ఒక్కో సాకెట్, ఒక్కో భాష. 1990ల తొలి సగంలో వచ్చిన కొన్ని మెర్సిడెస్ ఇంజన్లలో వైరింగ్ మీది తొడుగే కాలంతో పొడిబారి రాలిపోయేది. వైరును వేళ్ళ మధ్య నలిపితే బిస్కెట్‌లా విరిగేది. లోపలి రాగి తీగలు ఒకదానికొకటి తగిలి, బాగున్న సెన్సర్ల నోట కూడా అబద్ధాలు పలికించేవి. అలాంటి బండికి సెన్సర్లు మారుస్తూ పోతే జీవితకాలం సరిపోదు.

కోడ్ చెప్పేది ఫిర్యాదు

తేడా కనిపిస్తే కంప్యూటర్ ఒక కోడ్ రాసి పెట్టుకుంటుంది. నా బండిలో మొదటి రోజు వచ్చిన కోడ్‌లు పీ0171, పీ0174. మొదటి బ్యాంకు లీన్, రెండో బ్యాంకు లీన్. బ్యాంకు అంటే సిలిండర్ల జట్టు, లీన్ అంటే గాలికి తగినంత పెట్రోలు లేకపోవడం. ముందు మూడు సిలిండర్లకి ఒక ఆక్సిజన్ సెన్సర్, వెనక మూడింటికి ఇంకోటి. కోడ్‌లు రెండొచ్చాయి కాబట్టి రెండు సెన్సర్లూ పోయాయని తీర్పు చెప్పారు. నేనూ తలూపాను. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే ఇద్దరూ అబద్ధం ఆడుతున్నారని అనుకోవడం ఎలాంటిదో అప్పుడు తట్టలేదు. రెండు బ్యాంకులకీ ఒకేసారి గాలి ఎక్కువైందంటే, గాలి రెండుగా చీలకముందే ఎక్కడో ఏదో జరుగుతోందనే అర్థం.

లీన్ అన్న మాటని కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. ఆక్సిజన్ సెన్సర్‌కి పెట్రోలు వాసన తెలియదు, అది పసిగట్టేది ఆక్సిజన్‌నే. ప్లగ్గు వెలగక ఒక సిలిండర్ మిస్సింగ్ కొడితే అందులోని గాలీ పెట్రోలూ కాలకుండానే బయటికి వస్తాయి. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్‌ని చూసి "లీన్" అంటుంది. నిజానికి పెట్రోలు కారిపోతుంటుంది. సెన్సర్‌కి ముందు సైలెన్సర్ గొట్టం జాయింట్ దగ్గర చిన్న లీకు ఉండి బయటి గాలి లోపలికి వస్తే కూడా ఇదే మాట. సెన్సర్ చెప్పింది నిజమే. మనం దాన్ని అర్థం చేసుకున్న తీరే తప్పు.

కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎంత వేగంలో ఉంది, ఎంత వేడిగా ఉంది, ఎంత బరువు లాగుతోంది అన్న అంకెల్ని కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్ పేరుతో దాచిపెడుతుంది. "ఎప్పుడు?" అన్న ప్రశ్నకి అది సగం జవాబు. చాలాచోట్ల స్కానర్ పెట్టగానే చేసే మొదటి పని కోడ్ చెరిపేయడం. దాంతో పాటు ఇదీ పోతుంది. దొంగతనం జరిగిన ఇంటికి పోలీసులకన్నా ముందు పనిమనిషిని పంపి తడిగుడ్డ పెట్టించినట్టు.

నా దగ్గర సాక్ష్యం పోలేదు, అదే సిగ్గుచేటు. మొదటి రోజు స్కానర్ ప్రింటు తీసి ఇచ్చారు. నాలుగు మడతలు పెట్టి డాష్‌బోర్డు అరలో పడేశాను. ఏడో నెలలో ఇంకేదో వెతుకుతుంటే దొరికింది. కోడ్‌ల కింద చిన్న అక్షరాల్లో: ఐడ్లింగ్‌లో లాంగ్ టర్మ్ ప్లస్ 18, షార్ట్ టర్మ్ ప్లస్ 7. ఆ కింది వరసలో, 2,500 ఆర్‌పీఎం దగ్గర రెండూ కలిపి ప్లస్ 7.

ఈ మూడు అంకెలు చాలు. లెక్క కాగితం మీద వేసుకోవచ్చు. మూడు లీటర్ల ఇంజన్ వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉంటే సెకనుకి సుమారు 4 గ్రాముల గాలి లాగుతుంది. సెన్సర్ దాటాక ఎక్కడో దొంగదారిలో ఇంకో గ్రాము వస్తోందనుకుందాం. కొలిచింది 4, వచ్చింది 5. పెట్రోలు 25 శాతం పెంచాలి. గేరు వేయకుండా 2,500 దాకా రేజ్ చేస్తే గాలి సెకనుకి 14 గ్రాముల దాకా పెరుగుతుంది. దొంగదారి మాత్రం పెరగదు, అదే గ్రాము. పద్నాలుగులో ఒకటి అంటే 7 శాతం. ఐడ్లింగ్‌లో భారీగా ఉండి, రేజ్ చేస్తే తగ్గిపోయే ట్రిమ్ థ్రాటిల్ తరవాత ఎక్కడో గాలి లాగుతోందని దాదాపు సంతకం పెట్టి చెబుతున్నట్టే.

ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికి పడితే కథ తిరగబడుతుంది. వేడి పొర మీద దుమ్ము పేరుకుంటే గాలి ఎక్కువగా పోయేటప్పుడు అది తక్కువ చూపిస్తుంది. కాబట్టి బరువు పడేకొద్దీ ట్రిమ్ పెరగాలి. పెట్రోలు పంపు నీరసించినా, ఫిల్టర్ మూసుకుపోయినా అంతే: ఐడ్లింగ్‌లో చాలినంత అందుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు అందదు. నా అంకెలు సరిగ్గా దీనికి ఎదురు తిరిగి ఉన్నాయి. అయినా నేను మార్పించినవి ఎయిర్ ఫ్లో సెన్సర్, ఫ్యూయల్ ఫిల్టర్. రోగం ఒకటి, మందు ఒకటి. ఆ మందు చీటీ నా డాష్‌బోర్డు అరలోనే ఉంది.

(పక్క మాట: పాతకాలం బాష్ ఎల్‌హెచ్-జెట్రానిక్ బళ్ళలో సెన్సర్ లోపల సన్నని తీగ ఉండేది. ఇంజన్ ఆపాక దాన్ని ఒక్క సెకను సుమారు 1,000 డిగ్రీలకి ఎర్రగా కాల్చి, అంటిన మురికిని బూడిద చేసేవారు. తనని తాను తోముకునే సెన్సర్. ఇది ఎందుకు పోయిందా అని నాకు ఎప్పుడూ బాధే.)

లీకు వెతకడానికి చాలామంది ఇంజన్ నడుస్తుండగా పైపుల మీద క్లీనర్ స్ప్రే కొడతారు. శబ్దం మారిన చోట లీకు. పని చేస్తుంది, కానీ పొగ బయటికి పోయే వేడి గొట్టాల మీద మండే ద్రవం కొట్టే ధైర్యం నాకు లేదు. పొగ పరీక్ష మేలు. ఇంజన్ ఆపి, గాలి దారిలోకి చాలా తక్కువ ఒత్తిడితో పొగ పంపుతారు. రెండు నిమిషాల్లో సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ వెనక, ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే గోడ వైపు నుంచి అగరబత్తి పొగలా ఒక దారం లేచింది. ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి మ్యానిఫోల్డ్‌లోకి పంపే పైపు అది. చేత్తో పట్టుకుంటే పకోడీలా కరకరలాడి రెండు ముక్కలైంది. కొత్తది వేశాక ఐడ్లింగ్ ముల్లు 650 దగ్గర గోడకి కొట్టిన మేకులా నిలబడింది. ట్రిమ్ ప్లస్ 3.

కొండను తవ్వి ఎలుకను పట్టామని సంబరపడ్డాను. మర్నాడు పచ్చ లైటు పడింది. బండి మళ్ళీ నోరు తెరిచి నిలబడింది.

రెండో రోగం

ఇక్కడ నేను చేసిన తప్పు చాలామంది చేస్తారు. మూడు లక్షణాలు కనిపిస్తే మూలం ఒకటే అనుకోవడం. తీగ లాగితే డొంకంతా కదులుతుందన్న ఆశ. రెండేళ్ళ బండికైతే అది సరైన ఆశే. ఇరవయ్యేళ్ళ బండిలో రబ్బరంతా ఒకే రోజు పుట్టింది, ఇంచుమించు ఒకే కాలానికి ముసలిదవుతుంది. రెండు మూడు చోట్ల ఒకేసారి తెగడంలో వింతేమీ లేదు.

తడబాటుకి పుస్తకంలో కారణాలు చాలా ఉన్నాయి. థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే గాలి క్షణంలో దూసుకొస్తుంది. పెట్రోలు అంత చురుకు కాదు, కొంత గోడలకి తడిలా అంటుకుపోతుంది. ఆ క్షణం గడవడానికి కంప్యూటర్ కొంచెం అదనంగా పోయాలి. ఆ అదనం అందకపోతే బండి ఆగిపోయినట్టవుతుంది. ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటే ఆ మసి స్పాంజిలా పెట్రోలు పీల్చుకుంటుంది, చల్లని ఇంజన్‌లో మరీను. 1980లలో ఇది పెద్ద తలనొప్పి. పెట్రోలు వాల్వుల మీద ఎంత మసి వదులుతుందో కొలిచే అమెరికన్ పరీక్షకి 1985 మోడల్ బీఎండబ్ల్యూ 318ఐని తీసుకుని 10,000 మైళ్ళు నడిపేవారు. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తడబడితే మసినీ, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌నీ అనుమానించాలి. ఆ సెన్సర్ వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గించుకుంటుంది. బాష్ రకాల్లో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 300 చిల్లర. చల్లటి ఇంజన్‌ని వేడిదని చెబితే పెట్రోలు చాలదు. పెట్రోలు కొట్టించుకున్న వెంటనే తడబడితే ట్యాంకు ఆవిర్లని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు మూసుకోవడం లేదేమో చూడాలి.

ఒకే కాలి ఒత్తిడి దగ్గర తడబడితే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. పాత రకం సెన్సర్లలో ఒక కార్బన్ పట్టీ మీద చిన్న వేలు జారుతుంటుంది. మనం బండి నడిపే కాలంలో ఎక్కువ భాగం కాలు ఒకే చోట ఉంటుంది, మెల్లగా సాగే ప్రయాణంలో ఉండే చోట. పట్టీ సరిగ్గా అక్కడే అరిగిపోతుంది. ముల్లున్న పాత మల్టీమీటర్ తగిలించి థ్రాటిల్‌ని చేత్తో మెల్లగా తెరిస్తే 0.5 వోల్టు నుంచి 4.5 దాకా ముల్లు నీళ్ళలో పడవలా జారిపోవాలి. అరిగిన చోట ఉలిక్కిపడి కిందికి పడి లేస్తుంది. అంకెల మీటర్‌లో ఆ ఉలికిపాటు తప్పిపోవచ్చు. ఈ ఒక్క పనికి నేను పాత ముల్లు మీటర్ దాచుకున్నాను.

నా మీటర్ ముల్లు ఉలిక్కిపడలేదు. పెట్రోలు ఒత్తిడి సరిగ్గా ఉంది. మళ్ళీ పొగ పెట్టిస్తే ఎక్కడా దారం లేవలేదు. కరెంటు దోషమేమో అంటే అదీ కాదు. కరెంటు పోతే చెంపదెబ్బ కొట్టినట్టు టక్కున పోతుంది, గాలీ పెట్రోలూ లెక్క తప్పితే బండి మెత్తగా చతికిలబడుతుంది. నాది మెత్తటి చతికిలపాటు.

పొగ పెట్టిన మెకానిక్ పని మధ్యలో అద్దం తుడుచుకుంటూ అడిగాడు.

"రివర్స్‌లో కూడా చేస్తుందా సార్?"

నాకు తెలియదు. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా గమనించలేదు.

"చూద్దాం అన్నా."

రివర్స్ వేసి గట్టిగా నొక్కాను. బండి తడబాటన్నది ఎరగనట్టు వెనక్కి దూసుకుపోయింది. డ్రైవ్‌లో వేసి అంతే నొక్కాను. చతికిలబడింది. మళ్ళీ రివర్స్. శుభ్రం. మళ్ళీ డ్రైవ్. చతికిల.

ఆయన నవ్వాడు. "ఇంజన్ ఏ పక్కకి ఒరుగుతోందో చూడండి సార్" అని బానెట్ ఎత్తాడు.

ఇంజన్, గేరుబాక్సు కలిపి రబ్బరు మౌంటింగుల మీద కూర్చున్న ఒకే ముద్ద. అది వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టుని ఒక వైపు తిప్పితే, ఆ ముద్ద మొత్తం రెండో వైపు ఒరుగుతుంది. రివర్స్‌లో షాఫ్టు ఎదురు తిరుగుతుంది, ఒరిగేదీ ఎదురు వైపే. గాలి సెన్సర్ ఉన్నది బాడీకి బిగించిన ఫిల్టర్ డబ్బా మీద. థ్రాటిల్ ఉన్నది ఇంజన్ మీద. ఆ రెండింటినీ కలిపేది మడతలు మడతలుగా ఉన్న రబ్బరు గొట్టం. ఇంజన్ ఒరిగిన ప్రతిసారీ అది అకార్డియన్ పెట్టెలా సాగి ముడుచుకుంటుంది. ఆయన గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఇంజన్ ఒరిగే వైపుకి లాగి, కింది మడతలోకి టార్చి వేశాడు. అడుగున, పై నుంచి ఎంత తొంగిచూసినా కనపడని చోట, బొటనవేలి గోరంత చీలిక పెదవులు విప్పింది. వదిలేస్తే మూసుకుంది. గీత కూడా కనపడదు.

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పెట్టే పొగ పరీక్షకి అది దొరకదు. ఐడ్లింగ్ ట్రిమ్‌లోనూ దొరకదు, ఎందుకంటే అప్పుడు చీలిక మూసుకునే ఉంటుంది. బండి ముందుకి కదిలే ఆ ఒక్క సెకనులో ఇంజన్ ఒరిగి, చీలిక నోరు తెరిచి, సెన్సర్ తూయని గాలి లోపలికి దూరి, పెట్రోలు చాలక ఇంజన్ చతికిలబడి, చతికిలబడింది కాబట్టి ఒరగడం తగ్గి, చీలిక మూసుకుని, బలం తిరిగొచ్చి ఒక్క దూకు. నేను దూకు అనుకున్నది గొట్టం నోరు మూసుకోవడం. అంతగా ఎందుకు ఒరుగుతోందో చూస్తే ఎడమ మౌంటింగ్‌లోని ద్రవం ఎప్పుడో కారిపోయి నల్లటి చార మిగిలింది. వణుకు తెలియకుండా చేయాల్సిన మౌంటింగు చచ్చిపోతే, ఆ కదలిక వెళ్ళి గొట్టాన్ని చీల్చింది.

గొట్టం, రెండు మౌంటింగులు మార్చాం. ఆ తరవాత పచ్చ లైటు పడితే బండి మామూలు బండిలా కదిలింది.

"సమయం వృథా, ముందు కొత్త పార్టులు వేసేస్తే సగం అనుమానాలు తీరిపోతాయి కదా" అనే వాదన ఒకటి వింటూ ఉంటాను. ప్లగ్గులు, ఫిల్టర్ల లాంటి అరిగేవాటికి సరే, వాటికెలాగూ గడువుంది. సెన్సర్ల విషయంలో మాత్రం ఒప్పుకోను. బాగున్న పాత సెన్సర్ తీసి పేరూ ఊరూ లేని కొత్త సెన్సర్ పెడితే ఒక అనుమానం పోయి రెండు వస్తాయి. ఇప్పుడు తప్పు బండిదా, కొత్త పార్టుదా? నాకు రెండు వారాలు ఈ ప్రశ్నకే పోయాయి. తీసేసిన పాత ఎయిర్ ఫ్లో సెన్సర్ తిరిగి పెట్టి చూస్తే అంకెల్లో తేడా లేదు. ఇప్పుడు బండిలో ఉన్నది అదే.

80 దగ్గర ఊపు

ఇది పోలేదు. గొట్టం మార్చాక కూడా హైవే మీద ఆ తోపు, ఆ వదులు అలాగే ఉన్నాయి.

ఈసారి మొదట అడిగిన ప్రశ్న "ఎప్పుడు?" టాప్ గేరులో, ఇంజన్ వేడెక్కాక, యాక్సిలరేటర్ చాలా తేలిగ్గా నొక్కి ఉంచినప్పుడు మాత్రమే. గట్టిగా నొక్కితే లేదు, పూర్తిగా వదిలేస్తే లేదు. ట్రిమ్ అంకెలు నిలకడగా ఉన్నాయి, థ్రాటిల్ వోల్టేజి కదలడం లేదు, ఆర్‌పీఎం మాత్రం ఊగుతోంది. ఇంజన్‌కి ఏ తిండీ మారకుండా వేగం మారుతోందంటే మార్చేది ఇంజన్ కాకపోవచ్చు.

ఆటోమేటిక్ గేరుబాక్సులో టార్క్ కన్వర్టర్ లోపల ఒక క్లచ్చు ఉంటుంది. నిలకడ వేగం వచ్చాక అది పట్టుకుని ఇంజన్‌నీ గేరుబాక్సునీ నేరుగా కలుపుతుంది, నూనెలో జారి వృథా అయ్యే శక్తిని మిగులుస్తుంది. ఆ క్లచ్చు గానీ నూనె గానీ పాతబడితే పట్టూ విడుపూ మధ్య నలుగుతుంది. నడిపేవాడికి అది అచ్చం ఇంజన్ ఊపులాగే ఉంటుంది. పరీక్షకి స్కానర్ కూడా అక్కర్లేదు. వెనక ఎవరూ లేని ఖాళీ రోడ్డు మీద, ఊపు వస్తున్నప్పుడు, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ని లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. చక్రాలు పట్టకూడదు. బ్రేకు స్విచ్ తగలగానే చాలా బళ్ళలో కంప్యూటర్ కన్వర్టర్ క్లచ్చుని వదిలేస్తుంది. ముల్లు ఓ రెండు వందలు పైకి లేస్తుంది. ఆ క్షణంలో ఊపు ఆగిపోతే దోషం ఇంజన్‌ది కాదు.

తాకాను. ముల్లు లేచింది. ఊపు ఆగింది. కాలు తీశాను. పది సెకన్లకి ముల్లు దిగి, ఎవరో మళ్ళీ వెనక నుంచి తోయడం మొదలుపెట్టారు.

గేరుబాక్సు నూనె జీవితాంతం మార్చనక్కర్లేదని బండితో వచ్చిన పుస్తకంలో ఉంది. ఎవరి జీవితమో రాయలేదు. విప్పితే నల్ల కాఫీ రంగులో దిగింది. ఫిల్టర్‌తో సహా నూనె మార్చి, రెండు వారాలు నడిపి, ఇంకోసారి మార్చాం. ఊపు ముప్పావు వంతు పోయింది. మిగిలిన పావు వంతు ఎండ బాగా ఉన్న రోజుల్లో, 78కీ 84కీ మధ్య ఇప్పటికీ వస్తుంది. కన్వర్టర్ విప్పాలంటే గేరుబాక్సు దింపాలి. ఎప్పుడో దింపుతాను. ప్రస్తుతానికి 85లో పోతున్నాను.